పిట్ నగరపు బానిసలు, బయటి తీర్పరులు

బానిసలకు విముక్తి ఈనాడే కావాలా, లేక దేశం బాగుపడిందాకా వాళ్ళు ఓపికపట్టాలా అన్న ప్రశ్న మీద 2009వ సంవత్సరంలో అనేక దేశాల యువకులు తీవ్రంగా తర్కించుకున్నారు. ఆ తర్కానికి కారణమైనది చరిత్ర గ్రంథం కాదు, నవల కాదు, నాటకమూ కాదు. ఒక కంప్యూటర్ ఆటకు అనుబంధంగా వెలువడిన చిన్న కథ. ఆట పేరు ఫాలౌట్ 3. అనుబంధం పేరు ద పిట్. పిట్ అంటే గొయ్యి. పిట్స్‌బర్గ్ అనే అమెరికా ఉక్కు నగరం పేరులో తొలి ముక్క కూడా అదే. అణుయుద్ధంలో నగరం పేరు సగం కాలిపోయి గొయ్యి మిగిలిందని రచయితల చమత్కారం.

సాహిత్య విమర్శకు ఆటలతో పనేమిటని అడిగేవారుంటారు. బుర్రకథ సాహిత్యమవుతుందా అని కూడ ఒకనాడు మన పెద్దలు అడిగారు. 1940ల్లో ప్రజానాట్యమండలి ఆ ప్రశ్నకు పల్లెపల్లెనా ఇచ్చిన సమాధానం ఈ పత్రిక పాఠకులకు తెలియనిది కాదు. జనం ఏ రూపంలో కథ వింటున్నారో, ఆ కథ మీద ఎలా తగవులాడుకుంటున్నారో పట్టించుకోని విమర్శ తన పనిలో సగం వదిలేసినట్లే. మన కళాశాలల్లో చదువుకునే కుర్రవాళ్ళు ఒక నవల మీద గంటసేపు వాదించడం నేను అరుదుగా చూశాను. ఈ ఆటల కథల మీద అర్ధరాత్రిదాకా వాదించుకోవడం తరచు చూస్తున్నాను. 2024 ఏప్రిల్‌లో ఫాలౌట్ కథాప్రపంచం టెలివిజన్ ధారావాహికగా వచ్చిన తరువాత పాత భాగాలను తీసి మళ్ళీ ఆడుతున్నవారు ఎక్కువయ్యారు. అంచేత పాత తగవులు కూడ కొత్తగా మొదలయ్యాయి.

తెలియనివారి కోసం ఆట పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెప్పక తప్పదు. మొదటి ఫాలౌట్ 1997లో, రెండవది 1998లో ఇంటర్‌ప్లే అనే సంస్థ ద్వారా వెలువడ్డాయి. తరువాత హక్కులు బెథెస్డా సంస్థ చేతికి వచ్చాయి. ఆ సంస్థ తయారుచేసిన మూడవ భాగం 2008 అక్టోబర్ 28న విడుదలయింది. ఇవి పాత్రధారణ ఆటలు. ఆటగాడు ఒక పాత్రను తానే తీర్చిదిద్దుకొని, దాని తరఫున మాట్లాడుతూ, పోరాడుతూ, నిర్ణయాలు చేస్తూ కథ నడిపిస్తాడు. కథలో 2077 అక్టోబర్ 23న జరిగిన అణుయుద్ధం ప్రపంచాన్ని బూడిద చేసింది. రెండువందల ఏళ్ళ తరువాత, 2277లో, శిథిలమైన వాషింగ్టన్ పరిసరాలలో మూడవ భాగం నడుస్తుంది. విచిత్రమేమంటే ఈ భవిష్యత్తు 1950ల అమెరికాలాగా ఉంటుంది. ఆనాటి రేడియో పాటలు, ఆనాటి ప్రకటనల చిరునవ్వులు, ఆనాటి కమ్యూనిస్టు భయం, అన్నీ శిథిలాల మధ్య చెక్కుచెదరకుండా నిలిచి ఉంటాయి. అమెరికా తనను తాను చూసి నవ్వుకున్న సందర్భాలలో ఇది మెచ్చదగినది.

మన దేశానికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. ఎక్స్‌బాక్స్ 360 యంత్రం మీద ఆడే ఫాలౌట్ 3ని భారతదేశంలో విడుదల చేయబోవడంలేదని 2008 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సాంస్కృతిక సున్నితత్వాలు కారణమన్నది గాని, ఏ సంస్కృతి, ఎక్కడ సున్నితం అన్నది విప్పి చెప్పలేదు. ఆటలో రేడియేషన్ వల్ల రెండు తలలతో పుట్టిన గొడ్లుంటాయి. వాటిని బ్రామిన్ అని పిలుస్తారు. ఆ పేరే అడ్డు వచ్చిందని చాలామంది ఊహించారు. ఊహ నిజమయితే, మనుషుల్ని కొనడం అమ్మడం చూపే కథకు మన దగ్గర అడ్డు రాలేదు, గొడ్డుకు పెట్టిన పేరు అడ్డువచ్చింది!

ఇక అనుబంధాల సంగతి. 2009 జనవరికీ ఆగస్టుకీ మధ్య బెథెస్డా ఫాలౌట్ 3కి ఐదు అనుబంధ కథలు విడివిడిగా అమ్మింది. ఒక్కొక్కటి పది డాలర్లు. ద పిట్ రెండవది. మార్చి 24న వచ్చింది. వచ్చిన రోజున ఎక్స్‌బాక్స్ ప్రతి చెడిపోయి ఉంది. గోడలూ వస్తువులూ ఉండవలసిన చోట ఎర్రటి ఆశ్చర్యార్థకాలు వేలాడాయి. దానిని వెనక్కి తీసికొని సరిచేసి మళ్ళీ పెట్టారు. కాబట్టి ఈ కథ మీద వెలువడిన తొలి అభిప్రాయాలు బానిసత్వాన్ని గూర్చి కావు, సరుకు నాణ్యతను గూర్చి. వెంటనే వచ్చినవి ధరను గూర్చి: పది డాలర్లకు కొద్ది గంటల కథేనా అని. కథను గంటల లెక్కన తూచడం మనకు రుచించకపోవచ్చు. కాని జేబులో డబ్బు లెక్కపెట్టుకొని కొనే కుర్రవాడిని ఆ మాట అన్నందుకు తప్పుపట్టలేం. సరుకుగా అమ్మినదాన్ని సరుకుగానే తూచాడు. ఈ రకపు అభిప్రాయాలను ఇక్కడితో వదిలిపెడతాను. నన్ను ఆకర్షించినవి కథ ముగించినవాళ్ళ అభిప్రాయాలు.

కథ ఇది. వెర్నర్ అనేవాడు, ఒంటికన్నువాడు, పిట్ నుంచి పారిపోయి వచ్చిన బానిస. రేడియోలో సహాయం కోరతాడు. వాడి మాట నమ్మి ఆటగాడు బానిస గుడ్డలు తొడుక్కొని, సొరంగం గుండా పాత రైలు పట్టాల వెంట పిట్‌కు చేరతాడు. ద్వారం దగ్గర కావలివాళ్ళు కొట్టి, అతని ఆయుధాలూ వస్తువులూ లాక్కుంటారు. అంతవరకు ఎడారి నేలనంతా గడగడలాడించిన వీరుడు ఒక్క దెబ్బతో ఉత్త చేతుల కూలీ అవుతాడు. చాలామంది ఆటగాళ్ళకు ఇది కోపం తెప్పించింది. కష్టపడి కూడబెట్టుకున్నది లాక్కోవడం అన్యాయమన్నారు. కాని బానిస స్థితిని గూర్చి ఈ కథ చెప్పిన అతి నిజమైన మాట నా ఉద్దేశంలో ఇదే. ఉపన్యాసం లేకుండా చెప్పింది.

లోపల ఉక్కు కర్మాగారం నడుస్తున్నది. గాలి విషం, నీరు విషం. నగరాన్ని ఒక రోగం పట్టి పీడిస్తున్నది. రోగం ముదిరినవాళ్ళు మాట మరచి, నాలుగు కాళ్ళ మీద పాకే ట్రాగ్‌లనే మృగాలుగా మారిపోతారు. ఆరోగ్యవంతులైన పిల్లలు పుట్టరు. అంచేత పనిచేసే చేతులు తరిగినప్పుడల్లా బయటినుంచి బానిసలను తెప్పిస్తారు. ఆటగాణ్ణి ట్రాగ్‌లు తిరిగే ఉక్కు దొడ్డిలోకి పంపి పది ఉక్కు కడ్డీలు ఏరుకు రమ్మంటారు. ఈ ఘట్టానికి రచయితలు పెట్టిన పేరు అన్‌సేఫ్ వర్కింగ్ కండిషన్స్, అంటే రక్షణ లేని పని పరిస్థితులు. కార్మిక సంఘం మెమొరాండంలోంచి ఎత్తి పెట్టినట్టున్నది! తరువాత హోల్ అనే బరిలో సాటి బానిసలను చంపి గెలిచినవాడికి స్వేచ్ఛ. గెలిచిన ఆటగాడు నగరాధిపతి ఆషర్ ఎదుటికి వెళతాడు.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. ఆషర్ మామూలు క్రూరుడు కాడు. ఒకప్పుడు బ్రదర్‌హుడ్ ఆఫ్ స్టీల్ అనే సైనిక దళంలో ఉండి, ఆ దళం ఈ నగరం మీద దాడిచేసి పోయినప్పుడు చచ్చాడనుకొని వదిలేయబడ్డవాడు. దోపిడి ముఠాలను కూడగట్టి కర్మాగారం మళ్ళీ నడిపించాడు. భార్య శాండ్రా శాస్త్రజ్ఞురాలు. వారి పసిబిడ్డ మేరీకి ఆ రోగం అంటదు. ఆ బిడ్డ రక్తంలోంచి మందు తీయాలని తల్లి కృషిచేస్తున్నది. మందు దొరికి నగరం నిలదొక్కుకున్న తరువాత బానిసలందరినీ విడుదల చేస్తానంటాడు ఆషర్. వెర్నర్ ఎత్తుకురమ్మన్న మందు తీరా చూస్తే సీసా కాదు, ఊయలలోని పసిబిడ్డ! పైగా వెర్నర్ మొదటినుంచీ బానిస కాడు. ఆషర్‌కు కుడిభుజంగా ఉండి, పదవి కాజేయబోయి పట్టుబడి బానిస అయినవాడు.

చివరి ఘట్టం పేరు ఫ్రీ లేబర్. విముక్త శ్రమ అనీ, ఊరక చేయించుకొనే శ్రమ అనీ రెండర్థాలు. వెట్టిచాకిరి తెలిసిన మనకు ఈ శ్లేష విడమరచి చెప్పనక్కరలేదు. ఇక ఆటగాడి ముందు రెండే దారులు. తల్లి ఒడి నుంచి బిడ్డను అపహరించి వెర్నర్‌కు ఇచ్చి తిరుగుబాటును గెలిపించాలి, లేదా ఆషర్ పక్షం చేరి వెర్నర్‌ను చంపి తిరుగుబాటును అణచాలి.

ఆటగాళ్ళు చీలిపోయారు. ఫాలౌట్ 3 అసలు కథలో బానిసత్వం మీద ఇంతటి చీలిక రాలేదు. అక్కడ పారడైజ్ ఫాల్స్ అనే బానిసల సంత ఉన్నది. సంత నడిపేవాళ్ళు దుర్మార్గులని ఆట మొగమాటం లేకుండా చెబుతుంది. కావాలని దుర్మార్గం ఆడదలచుకున్నవాడు తప్ప వాళ్ళ పక్షం చేరడు. పిట్‌లోనో, మంచివాడిగా ఆడదలచుకున్నవాళ్ళే అనేకులు ఆషర్ పక్షం చేరారు. ఇది గమనించవలసిన విషయం. వారి వాదం స్థూలంగా ఇట్లా ఉంటుంది: ఆషర్ దగ్గర ప్రణాళిక ఉన్నది, వెర్నర్ దగ్గర పగ తప్ప మరేమీ లేదు. బిడ్డ తల్లి దగ్గరే క్షేమంగా ఉంటుంది. శాస్త్రజ్ఞురాలైన ఆ తల్లి చేతిలోనే మందు తయారవుతుంది. బిడ్డను ఎత్తుకెళ్ళి ఆ శాస్త్రం తెలియనివాళ్ళ చేతిలో పెడితే మందూ రాదు, నగరమూ దక్కదు. నేటి బానిసల బాధ కంటె రేపటి వేలమంది ప్రాణాలు ఎక్కువ.

రెండవ పక్షంవారు అంటారు: బానిసను కొట్టి పనిచేయించేవాడి వాగ్దానానికి విలువేమిటి? వాడి బిడ్డ మీద మనకు కలిగే జాలి బానిసల బిడ్డల మీద ఎందుకు కలగదు? వెర్నర్ మంచివాడు కాకపోతే మానె, సంకెళ్ళు తెంపడం మంచిదే.

మూడవ రకంవారు ఎవరి పక్షమూ చేరలేక విసుక్కున్నవారు. మూడో దారి ఎందుకు లేదు? ఆషర్‌ను ఒప్పించి బానిసలను ఇప్పుడే విడుదల చేయించకూడదా? బిడ్డను ముట్టకుండా తిరుగుబాటు చేయకూడదా? వెర్నర్‌నూ ఆషర్‌నూ ఇద్దరినీ తోసివేసి బానిసలే నగరాన్ని నడుపుకోకూడదా? ఏ పక్షం గెలిచినా కొలిమి చుట్టూ బతుకులు మారినట్లు కనబడటం లేదేమి? ఈ కథను మెచ్చుకున్న సమీక్షలు అందులోని నైతిక సందిగ్ధతను పొగిడాయి. మూడవ రకం ఆటగాళ్ళు ఆ సందిగ్ధతనే శంకించారు. తెలిసి అన్నారో తెలియక అన్నారో గాని, ఈ కథ మీద వచ్చిన విమర్శలన్నిటిలోకి లోతైనది వారిదేనని నా అభిప్రాయం.

ముందు ఆషర్ పక్షం సంగతి చూద్దాం. వాళ్ళను ఫాసిస్టులని కొట్టివేయడం సులభం, కాని దానివల్ల మనకేమీ తెలియదు. మా కళాశాల వసతిగృహంలో ఈ ఆట ఆడిన విద్యార్థి ఒకడు, ఫీజు తగ్గించాలన్న సమ్మెలో ముందు నిలబడినవాడు, ఆషర్ పక్షమే చేరానన్నాడు. ఎందుకని అడిగితే, “ఇంకేం చెయ్యమంటారు సార్? పసిబిడ్డను ఎత్తుకుపొమ్మంటే చేతులాడలేదు” అన్నాడు. తప్పు అతనిది కాదు. తూకం వేసినవాడు తక్కెడను ముందే వంచి ఇచ్చాడు. యజమాని పక్షంలో ప్రేమగల తండ్రి, తల్లి, ఊయల, శాస్త్రం, ప్రణాళిక. బానిసల పక్షంలో మోసగాడైన ఒక నాయకుడు, పేరున్న ఒకరిద్దరు మనుషులు, ముఖాలు గుర్తుండని ఒక గుంపు. ఆషర్ ఆలోచన అతని నోటే వింటాం, అతని స్వరముద్రికలు కూడ వింటాం. బానిసలు తమలో తాము ఏమని చర్చించుకుంటున్నారో, నగరాన్ని ఎట్లా నడుపుకోవాలనుకుంటున్నారో వినే సందర్భం ఆట మనకు ఇవ్వదు. విన్నదానిని బట్టే కదా ఎవరైనా తీర్పు చెప్పేది!

తూకం సరిచేసి చూస్తే ఆషర్ వాదంలో మిగిలేది ఒకటే మాట: ముందు పరిశ్రమ, తరువాత విముక్తి. ఈ మాట కొత్తది కాదు. పిట్స్‌బర్గ్ ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రమే 1780లో బానిసత్వాన్ని క్రమంగా రద్దుచేసే చట్టం చేసింది. అమెరికాలో ఆ దారిలో అది మొదటి అడుగని చరిత్రకారులు గౌరవంగానే చెబుతారు. ఆ చట్టం ప్రకారం అప్పటికి బానిసలుగా నమోదైనవారు చచ్చేదాకా బానిసలే. ఆ తరువాత బానిస తల్లికి పుట్టిన బిడ్డ ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా యజమానికి చాకిరి చేసి, అప్పుడు స్వతంత్రుడవుతాడు. యజమానికి నష్టం రాకుండా, పనికి ఆటంకం కలగకుండా, విముక్తిని వాయిదాల మీద చెల్లించారన్నమాట. బ్రిటిష్ సామ్రాజ్యం 1833లో బానిసత్వాన్ని రద్దుచేసినప్పుడు రెండుకోట్ల పౌన్ల పరిహారం పొందినవారు యజమానులు. బానిసలకు దక్కింది అప్రెంటిస్ అనే కొత్త పేరు. ఆ పేరుతో 1838 దాకా పాత యజమానికే చాకిరి. స్వపరిపాలనకు మీకింకా అర్హత రాలేదని మనకు చెప్పినవారు కూడ వారే కనుక, ఈ తర్కం కంఠస్వరం మనకు బాగా పరిచయం. పెన్సిల్వేనియా చట్టానికి కనీసం ఇరవై ఎనిమిదేళ్ళ గడువున్నది. ఆషర్ మాటకు ఆ గడువైనా లేదు. అతని సింహాసనాన్ని మోస్తున్న ముఠావాళ్ళు బానిసల చాకిరి మీద బతికేవాళ్ళు. విడుదల రోజు వస్తే వాళ్ళేం తిని బతుకుతారు? ఈ ప్రశ్న ఆషర్‌ను ఎవరూ నిలబెట్టి అడగలేదు.

వెర్నర్ పక్షానికి కూడ నేను పూర్తిగా జై కొట్టలేను. తిరుగుబాటు గెలవడానికి వెర్నర్ వేసిన ఎత్తు ఏమిటంటే, ట్రాగ్‌లను దూరంగా ఉంచే పెద్ద దీపాలను ఆర్పించి, వాటిని యజమానుల పేటలోకి వదలడం. ట్రాగ్‌లెవరు? రోగంతో మనిషితనం పోగొట్టుకున్న ఆ నగరపు మనుషులే, నిన్నటి బానిసలే చాలామంది. బతికున్న బానిసలను గెలిపించడానికి చెడిపోయిన బానిసలను ఉసిగొల్పుతున్నామన్న ఎరుక కథలో ఎవరికీ కలిగినట్లు లేదు. ఆటగాళ్ళలో కూడ కొద్దిమందికే తట్టింది. పదవి పోయిన దొర పదవి ఉన్న దొర మీద కక్షతో జనాన్ని రేపడం చరిత్రలో లేకపోలేదు. దానిని చూపించినందుకు రచయితలను తప్పుపట్టను. బానిసల పక్షాన అదొక్కటే ఉన్నదని చూపించడం దగ్గరే పేచీ.

ఎందుకంటే ఇది ఏదో ఊరు పేరు లేని నగరం కాదు. పిట్స్‌బర్గ్. ఆ నగరం అంచున మొనాంగహీలా నది ఒడ్డున హోమ్‌స్టెడ్ అనే ఉక్కు కర్మాగారం ఉండేది. యజమాని ఆండ్రూ కార్నెగీ. సంపన్నుడు తన ధనాన్ని లోకహితానికి వినియోగించాలని 1889లో వ్యాసం రాసిన దాత. 1892 వేసవిలో పనివారితో ఒప్పందం గడువు ముగియబోతుండగా ఆయన స్కాట్లండ్‌లో ఉన్నాడు. వ్యవహారం హెన్రీ క్లే ఫ్రిక్ చేతికి వదిలాడు. ఫ్రిక్ కర్మాగారం చుట్టూ ముళ్ళతీగెతో దడి కట్టించి, కూలి తగ్గించి, తలుపులు మూశాడు. అక్కడ పనిచేసేవారు దాదాపు నాలుగువేలమంది. సంఘంలో సభ్యత్వం ఉన్నది అందులో నైపుణ్యం గల ఏడెనిమిది వందల మందికే. మిగిలిన వాళ్ళలో చాలామంది తూర్పు యూరపు నుంచి వచ్చిన బీదలు, ఇంగ్లీషు సరిగా రానివాళ్ళు. అయినా వాళ్ళంతా సంఘంతో నిలబడ్డారు. పనివారి సలహా సంఘమొకటి ఏర్పడి ఊరికి కాపలా కాసింది, శాంతిభద్రతలు చూసింది. ఆ ఊరి మేయరు జాన్ మక్లకీ కూడ కర్మాగారపు పనివాడే. జూలై 6 తెల్లవారుజామున మూడువందల మంది పింకర్టన్ కిరాయి సాయుధులు రెండు పడవలలో నది మీదుగా వచ్చారు. రోజంతా జరిగిన పోరాటంలో రెండువైపులా కలిసి పదిమందికి తక్కువ కాకుండా చనిపోయారు. ఎక్కువమంది పనివారే. పింకర్టన్లు లొంగిపోయారు. ఆరు రోజుల తరువాత రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదివేల పైచిలుకు సైన్యాన్ని దింపింది. నవంబరు నాటికి సమ్మె విరిగిపోయింది. ఆ దెబ్బకు ఉక్కు పరిశ్రమలో సంఘం మళ్ళీ నిలదొక్కుకోవడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది.

ఓడిపోయిన పోరాటమే. ఆ సంఘానికి లోపాలు లేవని నేననను. నైపుణ్యం లేనివారికి అది తలుపులు మూసింది, నల్లవారికి మరీ గట్టిగా మూసింది. 1919 మహా సమ్మెలో యజమానులు నల్ల కార్మికులను తెచ్చి సమ్మెను విరగ్గొట్టగలిగారంటే ఆ మూసిన తలుపు కూడ ఒక కారణం. రోజుకు పన్నెండు గంటల పని 1923 దాకా పోలేదు. 1936 జూన్‌లో ఉక్కు కార్మికుల సంఘటనా సమితి పిట్స్‌బర్గ్‌లోనే పుట్టి, వృత్తిభేదం జాతిభేదం లేకుండా అందరినీ చేర్చుకుంది. 1937 మార్చి 2న అమెరికా ఉక్కు సంస్థల్లో అతి పెద్దదైన యు.ఎస్. స్టీల్ ఆ సమితితో ఒప్పందం మీద సంతకం చేసింది. హోమ్‌స్టెడ్ కర్మాగారం 1986లో మూతపడింది. ఇప్పుడు అక్కడ అంగళ్ళ సముదాయమూ, దాని పక్కన వరుసగా పన్నెండు పొగగొట్టాలూ ఉన్నాయి.

ఆటలో లేని మూడో దారి ఆ నగరం నేలలో ఉన్నది. మంచి దొర, చెడ్డ దొర అన్న రెండు తలుపుల మధ్య కాకుండా పనివాళ్ళే సభ కూడి, తమలో తాము తగవులాడి, తప్పులు చేసి, ఓడి, దిద్దుకొని, మళ్ళీ లేచిన దారి. పిట్స్‌బర్గ్ నుంచి రచయితలు కొలిమిని తీసుకున్నారు, పొగ తీసుకున్నారు, వంతెనలు తీసుకున్నారు, నగరం పేరుతో శ్లేష కట్టారు. ఆ నగరపు పనివాడి జ్ఞాపకాన్ని మాత్రం తీసుకోలేదు. జ్ఞాపకం పోయిన పనివాడికి మిగిలేది ఉద్ధారకుడి కోసం ఎదురుచూడటమే. పిట్‌లో బానిసలు చేసేదీ అదే. రేడియో విని ఎవరో రావాలి, బరిలో గెలవాలి, బిడ్డను తేవాలి, దీపాలార్పాలి. చరిత్ర చేసేవాడు బయటినుంచి వచ్చిన ఒంటరివాడు.

ఇది ఆట రూపంలోనే ఉన్న పరిమితి, పాత్ర ఒక్కటే కదా, సమష్టి పోరాటం ఎట్లా చూపిస్తారు అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆ మాటలో కొంత నిజమున్నది. పురాణం నుంచి నవలదాకా ఒక్క నాయకుడి చుట్టూ అల్లుకున్న రూపాలన్నిటికీ ఈ చిక్కు ఉన్నది. కాని ఈ రచయితలే అసలు కథలో టెంపుల్ ఆఫ్ ది యూనియన్ అనే చోట పారిపోయి వచ్చిన బానిసల గుంపును చిత్రించారు. వాళ్ళ నాయకుడు తాను కూడ బానిసగా ఉన్నవాడు, హానిబల్ హామ్లిన్ అని లింకన్ ఉపాధ్యక్షుడి పేరు పెట్టుకున్నవాడు. శిథిలమైన లింకన్ స్మారక భవనాన్ని తిరిగి నిలబెట్టి అక్కడ స్థిరపడాలని వారి పథకం. ఆటగాడు వారికి తోడ్పడవచ్చు, ద్రోహం చేయవచ్చు. పథకం మాత్రం వాళ్ళది, కల వాళ్ళది, చర్చ వాళ్ళది. ఒకే సంస్థ, ఒకే రూపం. అక్కడ సాధ్యమైనది పిట్‌లో ఎందుకు సాధ్యం కాలేదు? అక్కడ బానిసత్వం గతించిన దక్షిణాది తోటల బానిసత్వపు నీడ. దానిని ఖండించడానికి నేటి అమెరికాలో ధైర్యం అక్కరలేదు. పిట్‌లో బానిసత్వం కర్మాగారంలో ఉన్నది. యజమాని ఉత్పత్తి గురించి, ప్రగతి గురించి, రేపటి సంపద గురించి మాట్లాడుతాడు. అక్కడికి వచ్చేసరికి కలం తడబడి, దానికి సందిగ్ధత అని పేరు పెట్టుకుంది.

ఆటగాళ్ళు గొణిగినంతమాత్రాన ఏమవుతుందనేవారికి ఒక ఉదాహరణ చెబుతాను. ఫాలౌట్ 3 అసలు ముగింపులో ప్రజలందరికీ మంచినీరు ఇచ్చే యంత్రాన్ని నడపడానికి ఎవరో ఒకరు విషకిరణాల గదిలోకి వెళ్ళాలి. కథానాయకుడు వెళితే చస్తాడు. పక్కనే ఫాక్స్ అనే సహచరుడున్నాడు. అతనికి విషకిరణాలు ఏమీ చేయవు. వెళ్ళమంటే, ఇది నీ విధి, నేను వెళ్ళను అంటాడు! ఆటగాళ్ళు మండిపడ్డారు. త్యాగానికి సిద్ధపడనివాళ్ళు కారు వాళ్ళు. తెలివిమాలిన త్యాగాన్ని విధి పేరుతో అంటగట్టడాన్ని సహించలేదు. 2009 మే 5న వచ్చిన బ్రోకెన్ స్టీల్ అనే అనుబంధంలో ఫాక్స్ వెళ్ళడానికి ఒప్పుకున్నాడు, కథానాయకుడు బతికి కథ సాగించాడు. అయినా ఫాక్స్‌ను పంపిన ఆటగాణ్ణి ముగింపు వ్యాఖ్యానం దెప్పకుండా వదలలేదు. రచయిత ఓడాడు గాని మూతి ముడుచుకునే ఓడాడు. ఏమయినా ముగింపు మారింది. పిట్ ముగింపు మారలేదు. ప్రాణం పోయినందుకు, ఆట ఆగిపోయినందుకు వచ్చిన కోపం కొనుగోలుదారులందరిదీ. బానిసలకు మూడో దారి లేదన్న అసంతృప్తి కొద్దిమందిది. ఎవరి ఫిర్యాదు అమ్మకాన్ని తాకుతుందో వారిదే వినబడింది.

పదమూడేళ్ళ తరువాత పిట్ మళ్ళీ వచ్చింది. ఫాలౌట్ 76 అనే ఆట, అనేకమంది కలిసి ఆడేది, 2022 సెప్టెంబరు 13న అదే నగరానికి రెండు దండయాత్రల అనుబంధాన్ని చేర్చింది. ఈసారి నగరంలో కార్మికుల పక్షం ఒకటున్నది. దాని పేరే యూనియన్. ఒక దండయాత్ర పేరు యూనియన్ డ్యూస్, అంటే సంఘ చందా. ఫనాటిక్స్ అనే ముఠాకు ఎదురు నిలిచి ఊరిని కాపాడుకొంటున్నవారు వీరు. ఆటగాళ్ళ అభిప్రాయాలలో ఎక్కువ భాగం, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయిస్తున్నారు, కథ చాలా తక్కువ అన్నది. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. సంఘం ఉన్నది గాని సంఘం సభ కూడగా మనం చూడం. వాళ్ళ పని మనం చేసిపెట్టి వస్తాం. అయినా పేరంటూ వచ్చింది.

ఆ ఆట జరిగే కాలం ఫాలౌట్ 3 కంటె సుమారు నూటడెబ్బై ఏళ్ళు వెనుక. అంటే ఈ కథాప్రపంచపు చరిత్రలో పిట్ నగరానికి మొదట సంఘం ఉన్నది, తరువాత ఆషర్ వచ్చాడు. మధ్యలో ఆ సంఘం ఎట్లా పోయింది, ఎవరు విరగ్గొట్టారు, దాని సభ్యుల మనుమల మనుమలలో ఎందరు ఆషర్ కొలిమి దగ్గర గొలుసులతో నిలబడ్డారు, ఎందరు దొడ్డిలో ట్రాగ్‌లయి పాకుతున్నారు అన్నది ఈ రెండు అనుబంధాలలో ఏదీ చెప్పదు. ఆ మధ్య కథ రాయమని ఈ ఏడు నా తరగతిలో ఇద్దరు విద్యార్థులకు పని అప్పగించాను. ఒకడు ఆషర్ పక్షం చేరినవాడే.